చదరంగం ఇంజిన్ల మ్యాచ్‌లకు 45 వేలలో కంప్యూటర్ - ఏది కొనాలి?

మూడోబంటు | అమలాపురం

అందరికీ నమస్కారం. సీ++లో ఒక చదరంగం ఇంజిన్ (సొంతంగా చదరంగం ఆడే ప్రోగ్రామ్) రాసుకుంటున్నాను. గొప్పదేం కాదు, కానీ మొదటి లైను నుంచి నా చేత్తో రాసింది. ఏదన్నా మార్పు చేసినప్పుడల్లా పాత వెర్షన్‌కీ కొత్త వెర్షన్‌కీ ల్యాప్‌టాప్‌లో మ్యాచ్ పెడుతున్నా. ఆట మొదలైన కాసేపటికే ఫ్యాన్ గోల, కీబోర్డు మీద చెయ్యి పెట్టలేం. రాత్రంతా నడిపితే ఇంట్లో "ఆ బొంయ్‌మనేది ఆపుతావా లేదా" అని కేకలు.

అందుకని మ్యాచ్‌ల కోసమే ఒక కంప్యూటర్ విడిగా పెడదామనుకుంటున్నా. బడ్జెట్ 45 వేలు, ఆపైన రూపాయి లేదు. మానిటర్, కీబోర్డు ఉన్నాయి. గేములు ఆడను, వీడియోలు ఎడిట్ చెయ్యను. ఒక షాపులో అడిగితే గ్రాఫిక్స్ కార్డు వేసి 70 వేల కొటేషన్ చేతిలో పెట్టారు. బేరం ఆడితే "చెస్సే కదండీ, దేంట్లోనైనా ఆడుతుంది" అని నవ్వారు.

కొత్తదా, సెకండ్ హ్యాండా? ఏ ప్రాసెసర్? మా ఇల్లు ఊరి చివర, కరెంటు దానిష్టం వచ్చినప్పుడు ఉంటుంది. అది కూడా లెక్కలో పెట్టుకుని చెప్పండి.

సున్నాఒకటి | కాకినాడ, ప్రస్తుతం హైదరాబాద్

ముందు ఆ గ్రాఫిక్స్ కార్డు కొట్టేయండి, సగం డబ్బు మిగులుతుంది. కార్డు కావాల్సింది పెద్ద న్యూరల్ నెట్‌వర్క్ మీద నడిచే లీలా చెస్ జీరో లాంటి ఇంజిన్లకి. స్టాక్‌ఫిష్, మీరు రాసే ఇంజిన్ లాంటివి పూర్తిగా సీపీయూ మీదే నడుస్తాయి.

"స్టాక్‌ఫిష్‌లోనూ న్యూరల్ నెట్‌వర్క్ ఉంది కదా" అంటారేమో. ఉంది, 2020 సెప్టెంబరులో వచ్చిన 12వ వెర్షన్ నుంచి. కానీ అది ఎన్‌ఎన్‌యూఈ. యూ నాసు అనే ఆయన 2018లో జపాన్ వాళ్ల షోగీ ఆట కోసం కనిపెట్టిన పద్ధతి. ఒక ఎత్తు వేస్తే బోర్డు మీద మారేది రెండు మూడు గళ్లే కాబట్టి లెక్క మొత్తం మళ్లీ వెయ్యదు, మారినంత మేరకే సవరించుకుంటుంది. అందుకే మామూలు ప్రాసెసర్‌కి సరిపోయింది.

అసలు సంగతి అడుగుతా. మ్యాచ్‌కి ఎన్ని ఆటలు ఆడిస్తున్నారు?

మూడోబంటు

రాత్రికి వంద దాకా అవుతున్నాయి. కిందటి మార్పుకి కొత్త వెర్షన్ 100కి 54 పాయింట్లు తెచ్చింది. ఉంచేశాను.

సున్నాఒకటి

అదిగో, మీ కంప్యూటర్ ఎలా ఉండాలో అక్కడే తేలిపోతుంది.

100కి 54 అంటే లెక్క ప్రకారం 28 ఈలో (ఆట బలాన్ని కొలిచే రేటింగ్ పాయింట్లు) లాభం. బాగానే కనబడుతుంది. కానీ సగం ఆటలు డ్రా అవుతాయనుకుంటే 100 ఆటలకు అటూఇటూ 48 ఈలో దాకా తేడా రావచ్చు. అంటే మీ మార్పు 76 ఈలో పెంచి ఉండొచ్చు, 20 తగ్గించీ ఉండొచ్చు. ఆ మ్యాచ్ మీకు ఏమీ చెప్పలేదు. 1000 ఆటలైతే ఆ తేడా 15కి దిగుతుంది. 10,000 ఆడితే 5. ఆటలు వంద రెట్లు చేస్తే తేడా పదో వంతుకి తగ్గుతుందన్నమాట.

ఇంజిన్ కాస్త ముదిరాక ఒక్కో మార్పు తెచ్చేది మూడు ఈలో, నాలుగు ఈలో. దాన్ని పట్టుకోవాలంటే వేలల్లో ఆడించాలి. స్టాక్‌ఫిష్ వాళ్లు 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అని నడుపుతున్నది ఇందుకే. ప్రపంచమంతా ఉన్న వాలంటీర్లు తమ కంప్యూటర్లు అప్పిస్తారు, ఒక్కో మార్పుకి పదివేలు, లక్ష ఆటలు పడతాయి. మీకు అంత అక్కర్లేదు. ఎస్‌పీఆర్‌టీ అనే గణాంక పరీక్ష వాడండి. ఇన్ని ఆటలని ముందే అనుకోకుండా, ప్రతి ఆట తర్వాతా లెక్క చూసుకుంటూ పోతుంది. ఆ లెక్క 2.94 దాటితే మార్పు పాస్, మైనస్ 2.94 కంటే దిగితే ఫెయిల్, మధ్యలో ఉంటే ఇంకా ఆడించు. పనికిరాని మార్పు అయితే తొందరగానే బయటపడిపోతుంది, రాత్రంతా కాలదు.

కాబట్టి మీకు కావాల్సింది ఒక ఆటని బ్రహ్మాండంగా ఆడే మెషిన్ కాదు. మామూలు ఆటలు ఒకేసారి చాలా ఆడించే మెషిన్. ఒక కోర్‌కి ఒక ఆట. 10 సెకన్లు, ఎత్తుకి 0.1 సెకను కలిపే టైం కంట్రోల్‌లో ఒక ఆట సుమారు అర నిమిషం. ఆరు కోర్లు ఉంటే నిమిషానికి పన్నెండు, గంటకి 720. రాత్రి పడుకుని లేచేసరికి ఆరేడు వేల ఆటలు.

గుర్రపుగంతు | తాడేపల్లిగూడెం

పిల్లలకు చదరంగం నేర్పుతాను, కంప్యూటర్ల సంగతి నాకంతగా తెలియదు. ఒక అనుమానం. అర నిమిషంలో అయిపోయే ఆటలు వేలకి వేలు ఆడిస్తే అన్నీ నాసిరకం ఆటలే కదా? దానికంటే ఒక్క గట్టి మెషిన్ మీద నిదానంగా వంద మంచి ఆటలు ఆడిస్తే ఇంజిన్ సత్తా బాగా తెలియదా?

సున్నాఒకటి

మేడమ్, మీ పిల్లలకైతే మీరన్నదే కరెక్టు. ఇక్కడ మనం చూసేది ఆట నాణ్యత కాదు, ఇద్దరి మధ్య తేడా. ఇద్దరికీ ఒకే టైం, ఒకే మెషిన్, ఒకే ఓపెనింగ్. ఒకసారి తెల్లవి, ఇంకోసారి నల్లవి. అర నిమిషం ఆటలో గెలిచే మార్పు సాధారణంగా నిదానం ఆటలోనూ గెలుస్తుంది. గెలవనివీ ఉంటాయి, అందుకే పాసైన మార్పుల్ని రెండోసారి 60 సెకన్లకి 0.6 చొప్పున ఆడిస్తారు. అది ఆరు రెట్లు నెమ్మది.

ఇక నాణ్యత అంటారా, 1997లో కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ సెకనుకి 20 కోట్ల పొజిషన్లు చూసేది. చెస్ కోసమే చేసిన 480 చిప్‌లు అందులో. ఇవాళ మామూలు ఆరు కోర్ల డెస్క్‌టాప్ మీద స్టాక్‌ఫిష్ చూసేది అందులో చిన్న వంతు. అయినా రెండింటినీ కూర్చోబెడితే డీప్ బ్లూ ఒక్క ఆట కూడా గెలవదు. స్పీడ్ కంటే ఏది చూడాలో ఏది వదిలెయ్యాలో తెలియడం ముఖ్యం, ఆ తెలివి ఇలా లక్షల ఆటలు ఆడించి కూడబెట్టిందే.

బరిలోదిగు | భీమవరం

ఒకే గూటి పుంజులు రెండింటిని రాత్రీ పగలూ దింపుతూనే ఉంటారన్నమాట. సంక్రాంతి మూడు రోజులే కదా మాకు, మీకు 365 రోజులూనా 😄 పందెం ఎంత?

నిర్వాహకుడు

పందేల మీద వచ్చిన మరో ఆరు పోస్టులు తీసేశాను. భీమవరం వాళ్లు దయచేసి వేరే చర్చలో కానివ్వండి.

పూతరేకు | రావులపాలెం

నాది సిస్టమ్స్ రిపేర్ షాపు. మూడోబంటు గారూ, నా మాట వింటే కొత్తది కొనకండి. పెద్ద కంపెనీల ఆఫీసుల నుంచి లీజు అయిపోయి లాట్లుగా వచ్చే డెస్క్‌టాప్‌లు చూడండి. ఐ5-8500 ఉన్నది దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. 2018 నాటి ప్రాసెసర్, ఆరు కోర్లు, హైపర్ థ్రెడింగ్ లేదు కాబట్టి ఏది అసలు కోర్, ఏది ఉత్తుత్తి కోర్ అన్న గొడవే రాదు. ఏవీఎక్స్2 (ఒకేసారి చాలా లెక్కలు వేసే ఇన్‌స్ట్రక్షన్లు) ఉంది, స్టాక్‌ఫిష్ లాంటివి దాని మీద హాయిగా పోతాయి. డిస్‌ప్లే ప్రాసెసర్‌లోనే ఉంది. మా దగ్గర కండిషన్ బట్టి పదిహేను వేలకి అటూఇటూ. మీ 45లో రెండు కొన్నా ఇంకా చేతిలో మిగులుతుంది. రెండు పెడితే పన్నెండు కోర్లు.

ర్యామ్ గురించి టెన్షన్ పడకండి. ఈ మధ్య ధర మండిపోతోంది కానీ మీకు ఎక్కువ అక్కర్లేదు. ఆటకి రెండు ఇంజిన్లు, ఒక్కోదానికి హ్యాష్ (చూసిన పొజిషన్లు గుర్తుపెట్టుకునే మెమరీ) 16 ఎంబీ, నెట్‌వర్క్ అవీ ఇవీ కలిపి ఇంకో వంద అనుకున్నా, ఆరు ఆటలకి జీబీన్నర. 8 జీబీ బోలెడు. కాకపోతే 8 జీబీది ఒకటి కాకుండా 4 జీబీవి రెండు వేయించండి. రెండు చానెళ్లలో ఉంటేనే అన్ని కోర్లూ ఒకేసారి మెమరీ అడిగినప్పుడు ఇబ్బంది పడదు. లాట్ సిస్టమ్స్‌లో చాలావాటికి ఒకటే కడ్డీ ఉంటుంది, చూసుకోండి.

కొనేముందు మూత తీయించి చూడండి. ఆరేడేళ్ల మెషిన్‌లో ప్రాసెసర్ మీద పేస్టు ఎండిపోయి సుద్దలా రాలిపోతూ ఉంటుంది. హీట్ సింక్ పీకి, ఐసోప్రొపైల్‌తో తుడిచి, కొత్త పేస్టు బఠాణీ గింజంత పెడితే పది డిగ్రీలు దిగిన సిస్టమ్స్ చూశాను. సముద్రం దగ్గర ఊళ్ల నుంచి వచ్చినవైతే ర్యామ్ కడ్డీ బయటికి తీసి దాని బంగారు పళ్లు చూడండి. అంచున సన్నగా పచ్చటి పొడి ఉంటే ఉప్పుగాలి తిన్నట్టు. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోతుంది, కానీ బోర్డు మీద కూడా అలాంటిదే కనబడితే ఆ సిస్టమ్ వద్దు. అంతర్వేది వైపు నుంచి ఒకటి వచ్చింది, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) విప్పితే ఫ్యాన్ రెక్కల మధ్య బల్లి, ఎండిపోయి వడియంలా ఉంది. అయినా పనిచేస్తోంది పాపం!

చెరువుగట్టు | ఆకివీడు

ఆయ్, నేనూ ఒక మాట చెప్తానండి. రొయ్యల చెరువు దగ్గర షెడ్డులో నా మెషిన్ నడుస్తోంది. పాత జియాన్, ఈ5-2680 వీ4. పద్నాలుగు కోర్లు, 28 థ్రెడ్లు. సర్వర్ల నుంచి పీకినవి ఇప్పుడు చవక, చైనా ఎక్స్99 బోర్డు మీద పెట్టేశా. ఏరేటర్ల కోసం జనరేటర్ ఎలాగూ ఉంటుంది కాబట్టి నాకు కరెంటు బాధ లేదు. పద్నాలుగు ఆటలు ఒకేసారి.

జియాన్ కొనేవాళ్లు చివర వీ3 గానీ వీ4 గానీ ఉందో లేదో చూడండి. వీ2 ఇంకా చవకగా వస్తుంది, కానీ దాంట్లో ఏవీఎక్స్2 లేదు, ఎన్‌ఎన్‌యూఈ ఇంజిన్ కుంటుతుంది.

సున్నాఒకటి

చెరువుగట్టు గారూ, జనరేటర్ డీజిల్ మీద నడిచే చెస్ ఇంజిన్ ఈ దేశంలో మీదొక్కటే అయ్యుంటుంది.

నాకు రెండు అభ్యంతరాలు. ఒకటి, ఆ చైనా బోర్డులకి మన దగ్గర సర్వీసు లేదు. పోతే పోయినట్టే. రెండు, పాత కోర్ నెమ్మది. నేనైతే మూడోబంటు గారికి రైజెన్ 7 5700ఎక్స్ చెప్తా. ఎనిమిది కోర్లు, 65 వాట్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి మెమరీ). ఐ5-8500లో క్యాష్ 9 ఎంబీయే. ఎన్‌ఎన్‌యూఈ నెట్‌వర్క్‌లు అన్ని కోర్లలో ఒకేసారి నడిచేటప్పుడు క్యాష్ తేడా గట్టిగా తెలుస్తుంది. ఒక్కో కోర్ ఆ పాతదానికి ఒకటిన్నర రెట్లు ఈజీగా ఉంటుంది. అంటే ఎనిమిది కోర్లు ఆ పన్నెండుకి సమానం, కరెంటు తక్కువ, పెట్టె ఒకటే, పైగా వారంటీ.

ఒక జాగ్రత్త. ఆ 5700ఎక్స్‌లో డిస్‌ప్లే లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎవరి దగ్గరైనా పాత కార్డు అరువు తెచ్చుకోండి, తర్వాత పీకేసి నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అవ్వచ్చు. చాలా బోర్డులు కార్డు లేకుండానే బూట్ అవుతాయి, మీ బోర్డు అవుతుందో లేదో కొనేముందే అడగండి.

ఇంకోటి. రైజెన్ పాతవి, అంటే జెన్1, జెన్2 రకాలు సెకండ్ హ్యాండ్‌లో కొంటే స్టాక్‌ఫిష్ బీఎంఐ2 బిల్డ్ వాడకండి. పెక్స్ట్ అనే ఇన్‌స్ట్రక్షన్ వాటిలో బాగా నెమ్మది. ఏవీఎక్స్2 బిల్డ్ వాడాలి. జెన్3 నుంచి ఆ బాధ పోయింది.

పూతరేకు

> పెట్టె ఒకటే

అదే నా భయం. పెట్టె ఒకటే అయితే అది పోయిన రోజు అన్నీ ఆగిపోతాయి. రెండుంటే ఒకటి మంచాన పడ్డా ఇంకోటి ఆడుతూ ఉంటుంది. పార్టులు ఒకదాని నుంచి ఒకదానికి మార్చుకోవచ్చు. పైగా ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ అన్నీ కొత్తగా కొని చూడండి, మీ రైజెన్ 45లో దిగుతుందేమో. వారంటీ అంటారా, బోర్డు పంపితే తిరిగొచ్చేసరికి నెల.

మూడోబంటు

రెండు పెట్టెలు పెడితే ఒకటి కొంచెం వేగంగా, ఒకటి కొంచెం నెమ్మదిగా ఉంటే రిజల్ట్ పాడవదా?

సున్నాఒకటి

పాడవదు. ఒక ఆటలో ఇద్దరూ ఒకే పెట్టెలో ఉంటారు కదా, నెమ్మది ఇద్దరికీ సమానమే. ఫిష్‌టెస్ట్, ఓపెన్‌బెంచ్ లాంటి టెస్టింగ్ సిస్టమ్‌లు ఇంకో అడుగు ముందుకేసి, ముందు బెంచ్ అనే స్పీడ్ టెస్ట్ నడిపి ఆ మెషిన్ వేగం కొలిచి, నెమ్మదిగా ఉంటే ఆ మేరకు టైం పెంచుతాయి.

పాడయ్యేది వేరే చోట. ఒకే పెట్టెలో కోర్లు సమానంగా లేకపోతే. కొత్త ఇంటెల్‌లో ఐ5-13400 లాంటివాటికి ఆరు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు. ఒక ఇంజిన్ పెద్దదాని మీద ఆలోచిస్తే ఇంకోటి చిన్నదాని మీద పడొచ్చు. ఎవరు ఎక్కడ పడతారో విండోస్ దయ. ఐ5-12400లో చిన్నవి లేవు, ఆరూ పెద్దవే, అదైతే పర్లేదు. క్లౌడ్ మెషిన్ల మీద మ్యాచ్ వద్దనేదీ ఇందుకే. పక్కవాడి పని ఎప్పుడు మన కోర్ మీద పడుతుందో తెలియదు.

అందుకే నా సలహా ఏదైనా సరే, ఒకటి గుర్తుంచుకోండి. స్పీడ్ తక్కువైనా ఫర్వాలేదు, నిలకడగా ఉండాలి.

లాకుల_రాజు | ధవళేశ్వరం

బాబూ, చదరంగం రాదు నాకు. ముప్పై ఏళ్లకి పైగా కరెంటు పని చేసి రిటైరయ్యాను. కంప్యూటర్ల మాట మీరు చూసుకోండి, మీరెవరూ బిల్లు మాట ఎత్తలేదు కాబట్టి చెప్తున్నా.

ఆ ఐ5 పెట్టెలు నిండు లోడులో గోడ దగ్గర కొలిస్తే ఒక్కోటి 75 వాట్లు లాగుతుందనుకో. రెండూ 150. రోజంతా నడిపితే 3.6 యూనిట్లు, నెలకి 108. పద్నాలుగు కోర్లది 180 వాట్లు అనుకుంటే నెలకి 130. మీ ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు ముందే తినేసిన యూనిట్ల మీద ఇవి పడతాయి. అంటే కింది శ్లాబు రేటు కాదు, మీకు పడే పై శ్లాబు రేటే దీనికి పడుతుంది. ఏసీ వేసే నెలల్లో ఇంకా పైకి పోతుంది. రాత్రి పది గంటలే నడుపు, 45 యూనిట్లతో పోతుంది. గదీ చల్లగా ఉంటుంది.

కరెంటు పోయినప్పుడు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీదే వేసుకోవచ్చు, కానీ సైన్ వేవ్‌ది అయ్యుండాలి. స్క్వేర్ వేవ్ చవకది అయితే ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు గుర్రుమంటాయి, కొన్ని ఆగిపోతాయి. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అని మీట ఉంటుంది, అటు తిప్పి పెట్టు. లేకపోతే కరెంటు పోయి బ్యాటరీకి మారే లోపల కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. 150 ఏహెచ్ బ్యాటరీలో పేరుకి 1800 వాట్ అవర్స్, బ్యాటరీ పాడవకుండా వాడుకోగలిగేది వెయ్యి, పదకొండొందలు. మీ రెండు పెట్టెలకే అయితే ఏడు గంటలు. ఫ్యాన్లు కూడా తిరిగితే అంతలో సగం చూసుకో.

లో వోల్టేజికి భయపడి స్టెబిలైజర్ కొనకు. మంచి ఎస్‌ఎంపీఎస్ 100 నుంచి 240 దాకా తట్టుకుంటుంది, లేబుల్ మీద రాసి ఉంటుంది చూడు. భయపడాల్సింది పిడుగులకి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు కమ్మితే ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ వైరూ పీకు. ప్లగ్గు పీకి నెట్ వైరు వదిలేసి బోర్డు మాడగొట్టుకున్న ఇళ్లు ఎన్ని చూశానో. ఎర్తింగ్ ఉందా మీ ఇంట్లో? మూడో పిన్ను ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు.

మూడోబంటు

బాబాయ్ గారూ, చాలా థాంక్స్. ఎర్తింగ్ సంగతి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపిస్తా. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దే, మీట మాత్రం ఇప్పుడే మార్చాను.

మధ్యలో కరెంటు పూర్తిగా పోతే ఆడిన ఆటలన్నీ పోతాయా?

సున్నాఒకటి

మ్యాచ్‌లు నడిపే ఫాస్ట్‌చెస్ ప్రోగ్రామ్ వాడండి. మధ్యమధ్యలో సేవ్ చేసుకుంటుంది, మళ్లీ మొదలుపెడితే ఆగిన చోట నుంచి అందుకుంటుంది. బయోస్‌లో కరెంటు తిరిగొస్తే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టి, లినక్స్‌లో బూట్ అవ్వగానే మ్యాచ్ మొదలయ్యేలా రాసుకుంటే మీరు లేవక్కర్లేదు.

చెరువుగట్టు

వేడి గురించి ఎవరూ చెప్పట్లేదండి. నా షెడ్డులో మే నెల మధ్యాహ్నం సిమెంటు రేకుల కింద ఉక్క. ప్రాసెసర్ వంద డిగ్రీల దగ్గరికి పోతే దానంతటదే స్పీడ్ దించేస్తుంది. పొద్దున ఆడిన ఆటలకీ మధ్యాహ్నం ఆడినవాటికీ పోలికే లేదు, టైం అయిపోయి ఓడిపోవడాలు మొదలు. నేను చేసిందేంటంటే బయోస్‌లో టర్బో (అవసరమైతే స్పీడ్ దానంతటదే పెంచుకోవడం) ఆపేశా. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కట్టేశా. నెమ్మదే, కానీ జనవరి అయినా మే అయినా అంతే.

సున్నాఒకటి

ఇది నిజం. ఐ5-8500కి కూడా టర్బోలో 4.1 అని రాసుంటుంది, అన్ని కోర్లకీ పని పడితే మొదటి అర నిమిషం పరిగెత్తి, తర్వాత 65 వాట్ల లిమిట్‌కి దిగిపోతుంది. కాబట్టి కొనేముందు షాపులో ఒక్కసారి బెంచ్ నడిపి చూసి మురిసిపోకండి. అన్ని కోర్ల మీదా ఒకేసారి, కనీసం అరగంట నడపండి. మొదట్లో వచ్చిన వేగానికీ చివర్లో వచ్చినదానికీ తేడా ఎక్కువుంటే పేస్టో, ఫ్యానో, ఏదో తేడా ఉన్నట్టే. టర్బో ఆపితే 3.0 దగ్గర ఉంటుంది, చాలు.

ఆరు కోర్లుంటే ఐదు ఆటలే పెట్టడం ఇంకా మంచిది. ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్‌కి వదలండి. అరక్షణం ఆలస్యమైనా తక్కువ టైం ఆటల్లో జెండా పడిపోతుంది, అంటే టైం అయిపోయి ఓడిపోతుంది.

పూతరేకు

దోమల మెష్ మాత్రం వెంట్ల మీద అంటించకండి. బల్లులు రాకుండా అని చాలామంది అంటిస్తారు, కోతల సీజన్‌లో దుమ్ము పట్టి గాలి ఆడదు. గోడకి జానెడు దూరంగా, నేల నుంచి ఎత్తులో పెట్టండి, చాలు. వానాకాలంలో ఆపేసి మూల పడేయకండి. నడుస్తూ వెచ్చగా ఉన్న పెట్టెకి చెమ్మ పట్టదు, నెలల తరబడి ఆపినదానికే పడుతుంది.

గుర్రపుగంతు

నాకూ పనికొచ్చే సంగతే ఇది. నా దగ్గర ఒక అబ్బాయి ఎప్పుడూ ఒకే గాంబిట్ (మొదట్లోనే కాయని వదులుకునే ఓపెనింగ్) ఆడతాడు. "ఇంజిన్ మైనస్ 0.6 చూపిస్తోందిరా" అంటే వినడు. ఆ పొజిషన్ నుంచి స్టాక్‌ఫిష్‌ని దాంతోనే వెయ్యి ఆటలు ఆడిస్తే తెల్లవాళ్లకి ఎన్ని పాయింట్లు వస్తాయో చూపించొచ్చు కదా?

సున్నాఒకటి

చూపించొచ్చు. కానీ జాగ్రత్త మేడమ్, స్టాక్‌ఫిష్ అలాంటి చిన్న లోటుని చాలాసార్లు డ్రా చేసేసుకుంటుంది. మీ అబ్బాయి "చూశారా, ఏం కాలేదు" అంటాడు. మనుషులకి ఆ లోటు ఎక్కువ నొప్పి. ఇంజిన్ మ్యాచ్‌లకి కూడా ఇదే సమస్య. సమానమైన ఓపెనింగ్‌లు ఇస్తే అన్నీ డ్రాలే. అందుకే యూహెచ్‌ఓ అని స్టెఫాన్ పోల్ చేసిన ఓపెనింగ్‌ల పుస్తకం వాడతారు. మనుషుల ఆటల నుంచి ఏరిన, ఒకవైపు మొగ్గు ఉన్న పొజిషన్లు. రంగులు మార్చి రెండుసార్లు ఆడిస్తారు కాబట్టి అన్యాయం లేదు, తేడా తొందరగా బయటపడుతుంది.

మూడోబంటు

ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్‌లు (కొద్ది కాయలే మిగిలిన పొజిషన్ల ఫలితాలు ముందే లెక్కగట్టిన ఫైళ్లు) కూడా పెట్టాలా? ఎస్‌ఎస్‌డీ ఎంత తీసుకోవాలి?

సున్నాఒకటి

సిజిజీ అనే టేబుల్‌బేస్‌లు ఐదు కాయల దాకా జీబీకి కాస్త తక్కువ. ఆరు కాయలవి సుమారు 150 జీబీ. ఏడు కాయలవి 17 టీబీ, అవి మర్చిపోండి. మీ పనికి ఐదు చాలు, అవి కూడా ఇంజిన్‌కి ఇవ్వకుండా మ్యాచ్ నడిపే ప్రోగ్రామ్‌కి ఇస్తే ఆట తేలిపోగానే ఆపేస్తుంది, టైం మిగులుతుంది. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఎక్కువే.

మూడోబంటు

అందరికీ చాలా చాలా థాంక్స్. నిర్ణయం తీసుకున్నా. సున్నాఒకటి గారు చెప్పిన రైజెన్ బాగానే ఉంది కానీ ర్యామ్, బోర్డు కలిపి కొటేషన్ 45 దాటింది. ఐ5-8500వి రెండు, 4 జీబీ కడ్డీలు రెండేసి, 256 ఎస్‌ఎస్‌డీలు. రావులపాలెం అయితే బస్సెక్కితే వెళ్లి రావచ్చు, ఏదన్నా అయితే పూతరేకు గారి నెత్తిన పెట్టొచ్చు. పెట్టెకి ఐదు ఆటలు, టర్బో ఆఫ్, రాత్రి పూటే. మిగిలిన డబ్బు ఎర్తింగ్‌కి.

సున్నాఒకటి

సరే మీ ఇష్టం. ఏడాది తర్వాత కరెంటు బిల్లులు కూడి చూసి అప్పుడు మాట్లాడదాం 🙂 ముందు ఒక పని చెయ్యండి. రెండూ వచ్చాక ఒకే వెర్షన్‌ని దానితోనే ఒక రాత్రి ఆడించండి. స్కోరు సగానికి దగ్గరగా లేకపోయినా, టైం అయిపోయి ఓడిన ఆటలు కనబడినా సెటప్‌లో ఏదో ఉన్నట్టు. అది తేలాకే మార్పులు టెస్ట్ చెయ్యండి. ఆ 54 పాయింట్ల మార్పుని కూడా మళ్లీ మొదటి నుంచి.

పూతరేకు

శనివారం రండి, మూత తీసి మీ ఎదురుగానే అరగంట బెంచ్ నడిపిస్తా. పేస్టు నా ఖర్చు.

గుర్రపుగంతు

పూతరేకు గారూ, ఆ లాట్‌లో ఇంకోటి మిగులుతుందా? మా అకాడమీకి ఒకటి కావాలి.

పూతరేకు

ఉందండి మేడమ్. కాకపోతే దానికి ఎస్‌ఎస్‌డీ లేదు, ర్యామ్ కడ్డీ ఒకటే. వేసి ఇవ్వమంటే శుక్రవారం లోపు చెప్పండి.